చేతిరాత చించేశాక

ఆ నెల పెట్టెలో ఎనిమిది రచనలు పడ్డాయి. ఏడు చేత్తో రాసినవి. ఎనిమిదోదాన్ని మాత్రం ఎవరో ముందే ప్రింటు తీయించి, నాలుగు మడతలు పెట్టి వేశారు. చూడగానే నాకు ఒళ్లు మండింది. టైపు చేయడానికి నేనొకదాన్ని ఉండగా, ఎవరికి వచ్చింది ఇంత అవసరం?

మా రచయితల బృందం సంగతి ముందు చెప్పాలి. లైబ్రరీ మేడమీద గదిలో నెలకో శనివారం సాయంత్రం నాలుగింటికి తొమ్మిది మందిమి కలుస్తాం. ఎవరూ రచనల మీద పేరు రాయరు. నెలంతా కింద కౌంటరు మీదున్న పెట్టెలో వేస్తారు. మీటింగుకి వారం ముందు నేను వాటిని ఇంటికి తీసుకెళ్లి, అన్నీ ఒకే అక్షరంలో, ఒకే సైజులో టైపు చేసి, చేతిరాత కాగితాలు చించేస్తాను. చేతిరాతను బట్టి ఎవరిదో పోల్చుకోకూడదని ఈ ఏర్పాటు. మీటింగులో లైబ్రేరియన్ గారు పైకి చదువుతారు. మంచీ చెడూ అందరం మాట్లాడతాం. రాసినవాళ్లు మాత్రం అది తమదని చెప్పకూడదు. చెబితే బృందంలోంచి పేరు తీసేస్తారు. ఈ నిబంధన పెట్టిన దగ్గర్నుంచే మావాళ్లు ధైర్యంగా రాయడం మొదలుపెట్టారని లైబ్రేరియన్ గారి నమ్మకం.

ఎవరు ఏది రాశారో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మందుల షాపు అక్క అక్షరాలు చీమల బారులా ఉంటాయి. లెక్కల మాస్టారు పేరాకో నంబరు వేస్తారు. డ్రైవరు బాబాయి, అంటే బస్సు నడిపి రిటైరైన పెద్దాయన, పెన్ను ఎంత గట్టిగా నొక్కి రాస్తాడంటే కాగితం వెనక తడిమినా చదవొచ్చు. అందరి గుట్టూ నా చేతిలో ఉంది కదా అని నాకు కొంచెం మిడిసిపాటు ఉండేది. దాచడం దేనికి, కొంచెం కాదు.

ఇప్పుడు అసలు సంగతి. నేను టైపు మాత్రమే చేసి ఊరుకునేదాన్ని కాదు.

పొద్దునంతా ఒక లాయరు గారి ఆఫీసులో టైపు చేస్తాను. అక్కడ ఒక కామా జరిగినా ఆయన అగ్గిమీద గుగ్గిలమవుతాడు. ఇరవై ఏళ్లుగా ఎవరెవరి మాటలో, తప్పయినా ఒప్పయినా, ఉన్నదున్నట్టు దించుతున్నాను. నా సొంత కథలూ పెట్టెలో వేసేదాన్ని. అవి చదవడం అయ్యాక గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపించేది. "బాగుంది, తర్వాతది చదవండి" అనేవారు. అప్పుడొకసారి మందుల షాపు అక్క కథ టైపు చేస్తుంటే చివరి పేరా చప్పగా అనిపించి, నాలుగు వాక్యాలు మార్చాను. ఆ నెల ఆ ముగింపుకి అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కళ్లు తుడుచుకుంది. ఆ చప్పట్లు నావి. ఆ రుచి మరిగాక ఇంక ఆగలేకపోయాను. ఏడాదిన్నరగా పెట్టెలోంచి వచ్చిన ప్రతి రచనలోనూ నా చెయ్యి పడింది.

ఎవరూ కిక్కురుమనలేదు. ఎలా అంటారు? "ఇది నేను రాసినట్టు లేదు" అనాలంటే ముందు "ఇది నాది" అనాలి. అంటే పేరు కొట్టేస్తారు. సరిచూసుకుందామంటే చేతిరాత కాగితం చెత్తబుట్టలో ముక్కలై ఉంటుంది.

నాలుగు మడతల ఆ కాగితం విప్పి చదివాను. అరపేజీ కథ. ఒక ఊళ్లో ఉత్తరాలు మోసే ఆవిడ ఉంది. దారిలో చెట్టు నీడన కూర్చుని ఉత్తరాలు విప్పి, చేదు మాటలు తీసేసి తీపి మాటలు పెట్టి, మళ్లీ అతికించి ఇచ్చేది. ఆ ఊళ్లో ఉత్తరం తనదని చెప్పుకునే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అంతే, కథ అయిపోయింది.

కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలూ పెట్టేశాను.

పక్క గదిలో మా ఆయన ఎవరిదో మిక్సీ విప్పి నేల మీద పరిచి కూర్చున్నాడు. "ఏమైందే, మొహం అలా పాలిపోయింది?" అన్నాడు.

"ఎవరో నా మీద కథ రాశారు."

"బాగుందా?"

"నా బతుకు బజారున పడేలా ఉందంటే బాగుందా అంటావేంటి?"

"పడితే ఏమవుతుంది? నెలకో శనివారం ఇంట్లో ఉంటావు. నాకూ ఒక కప్పు టీ దక్కుతుంది" అని మళ్లీ స్క్రూలు ఏరుకున్నాడు. ఆ మనిషికి చెప్పడం నాదే బుద్ధితక్కువ. ఆ గదిలో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా నన్ను "అక్కా, నువ్వేమంటావు?" అని అడిగేవాళ్లు లేరు. అది పోతే నాకు మిగిలేది లాయరు గారి కామాలే.

ఆ కాగితం చించేద్దామనుకున్నాను. కానీ చించితే అది పెట్టెలో వేసినవాళ్లకి నేనే దొంగనని రూఢి అవుతుంది. రెండు మాటలు మారుద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది, సిగ్గు లేకుండా. చివరికి ఏడాదిన్నరలో మొదటిసారి ఒక్క అక్షరం కూడా ముట్టుకోకుండా టైపు చేశాను.

తర్వాత కూర్చుని ఆరా తీశాను. చేతిరాతవి ఏడు, నాది కూడా కలిపి. తొమ్మిది మందిలో చేతిరాత ఇవ్వనివాళ్లు ఇద్దరు, లెక్కల మాస్టారూ డ్రైవరు బాబాయీ. బాబాయిని వెంటనే తీసేశాను. ఆయనకి ఫోనులో నంబరు నొక్కడమే సరిగ్గా రాదు, ప్రింటెక్కడ తీస్తాడు? పైగా ఆయన రచనకి మూడు నెలల కింద వచ్చినన్ని చప్పట్లు ఆ గదిలో ఎవరికీ రాలేదు. ఆసుపత్రిలో ఉన్న భార్య కోసం డిపో నుంచి పరుగెత్తుకొచ్చిన డ్రైవరు కథ అది. చివరి నిమిషంలో చేరుకుంటాడు, ఆమె చెయ్యి పట్టుకుంటాడు, ఆమె కళ్లు మూస్తుంది. ఆ చివరి నిమిషం నేను పెట్టిందే. ఆ రోజు వెనక కుర్చీలో చూడ్డానికొచ్చిన కొత్తమ్మాయి ఒకతె, ఆ ముగింపు వింటూనే లేచి బయటికి వెళ్లిపోయింది. ఏడుపు ఆపుకోలేక వెళ్లిందనుకుని నేను వారం రోజులు మురిసిపోయాను.

కాబట్టి మాస్టారే. ఆయన మొహం తలుచుకున్నకొద్దీ అనుమానం ముదిరింది. మనిషి నవ్వడు. ఎవరేం చదివినా వేళ్ల మీద ఏదో లెక్కపెడుతుంటాడు. పోయిన నెల టీ తాగుతూ నావైపే చూశాడు. ఆ ముందు నెల బిస్కెట్ల ప్లేటు నాకు కావాలనే చివర అందించాడు. ఆ వారం రోజుల్లో ఆయన మీద నేను పోగేసిన సాక్ష్యాలు మా లాయరు గారి దగ్గర కూడా ఉండవు.

శనివారం వచ్చింది. లైబ్రేరియన్ గారు ఆ కథను ఐదోదిగా చదివారు. సాధారణంగా అందరికంటే ముందు మాట్లాడే మందుల షాపు అక్క తన చేతిసంచీ జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది.

"ఇది మన గురించేనా?" అంది చివరికి.

"కథ కథే అనుకుందాం" అన్నారు లైబ్రేరియన్ గారు.

"కాదండీ, నాకో అనుమానం. పోయినేడు నా కథ ఒకటి... పోనీలెండి." అక్క ఆగిపోయింది. ఇంకొక్క మాటంటే ఏ కథ తనదో బయటపెట్టినట్టే. ఆమె మెల్లగా తల తిప్పి ఒక్కొక్కరినీ చూసింది. అందరూ అందరినీ చూసుకున్నారు. నెలనెలా ఒకే ప్లేటులో బిస్కెట్లు తినేవాళ్లం, పోలీసు స్టేషనులో బెంచీ మీద వరసగా కూర్చోబెట్టినట్టు అయిపోయాం. నేను మాత్రం ఎవరినీ చూడలేకపోయాను. మాస్టారు కళ్లజోడు తీసి నిదానంగా తుడుచుకుంటున్నారు.

"అక్కా, నువ్వేమంటావు?" అని లైబ్రేరియన్ గారు నన్నే అడిగారు.

"శైలి బాగుంది" అన్నాను.

మీటింగు ముగియగానే మాస్టారిని మెట్ల మీద పట్టుకున్నాను. నా కోపం సంగతి మా వీధంతా ఎరుగుదురు. "ఏమండీ మాస్టారూ, చెప్పాలనుకుంటే మొహం మీద చెప్పాలి గానీ, ఇలా చాటుగా రాళ్లేయడం ఏం పద్ధతి?"

ఆయన ఒక మెట్టు పైన నిలబడి కళ్లజోడు సర్దుకున్నాడు. "అది నేను రాయలేదమ్మా."

"మరి మీకెందుకు ఇన్నాళ్లూ నా మీద చూపు?"

"ఎందుకంటే, నాది నలభై రెండు వాక్యాలు. చదివినవి ముప్పై ఆరు. ఆ తర్వాత నెల ముప్పై ఎనిమిదికి ముప్పై ఒకటి. ప్రతిసారీ లెక్కపెట్టుకున్నాను."

"తెలిసి ఊరుకున్నారా?"

"బాగుందని అందరూ పొగిడారు కదా." ఆయన మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది. నవ్వు కాదు, సిగ్గు. "పొగడ్త నాకే వచ్చింది. నోరు మూసుకున్నాను. నీదెంత తప్పో నాదీ అంతే."

"మాస్టారిని వదిలెయ్యమ్మా. అది నాది."

పైనుంచి ఆ మాట వినిపించింది. డ్రైవరు బాబాయి రైలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. తనదని చెప్పకూడదన్న మాటను మా ముందే గంగలో కలిపేశాడు. మాస్టారు తప్పుకుని దిగిపోయారు.

కింద సైకిళ్లు పెట్టేచోట ఒక సిమెంటు బెంచీ ఉంది. బాబాయి దానిమీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"బజారులో ఒక షాపుంది, చెబితే వాళ్లే టైపు కొట్టి ఇస్తారు" అన్నాడు. "నా రాత నీకు తెలుసుగా, అందుకని. ఎవరి మొహం మారుతుందో చూద్దామని వేశాను. నాది కూడా దొంగపనే."

"బాబాయ్, నీ కథ అందరికీ నచ్చింది కదా. చప్పట్లు..."

"నేనేం రాశానో నీకు గుర్తుందా?"

గుర్తుంది. టైపు చేసేవాళ్లకి మాటలు బుర్రలో కాదు, వేళ్లలో ఉండిపోతాయి. ఆయన రాసిందాంట్లో డ్రైవరు పరుగెత్తలేదు. ఆసుపత్రి నుంచి డిపోకి కబురొచ్చింది. డ్రైవరు ఖాళీ బస్సెక్కి తన సీట్లో కూర్చున్నాడు. చీకటి పడేదాకా స్టీరింగు పట్టుకుని అలా కూర్చునే ఉన్నాడు. వెళితే ఆమె మొహం చూడాలని భయం. వెళ్లేసరికి అంతా అయిపోయింది. అందరికీ బస్సు చెడిపోయిందని చెప్పాడు. అంతే. చదువుతుంటే నాకు చిరాకేసింది. ఇంత కథ చెప్పి మనిషిని కదలకుండా కూర్చోబెడతారా అనుకున్నాను. అందుకే లేపి పరుగెత్తించాను.

"అది కథ కాదమ్మా" అన్నాడు బాబాయి. "అప్పుడు నా కూతురికి పద్నాలుగేళ్లు. మంచం పక్కన అదొక్కతే ఉంది. నాలుగు గంటలు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని తలుపువైపు చూస్తూ కూర్చుందట. తర్వాత డిపోలో ఎవరినో అడిగి, ఆ రోజు ఏ బస్సూ చెడిపోలేదని తెలుసుకుంది. నన్ను మాత్రం ఏమీ అడగలేదు. ఇరవై రెండేళ్లు. వస్తుంది, వండి పెడుతుంది, వెళ్తుంది. అడగదు. నేను చెప్పలేను. మొహం చూసి చెప్పడానికి నోరు పెగలదు. ఇక్కడైతే పేరుండదు, ఎవరో చదువుతారు, అది వింటుంది. అది నాదేనని దానికొక్కదానికే తెలుసు. బతిమాలి తీసుకొచ్చాను."

వెనక కుర్చీ. లేచి వెళ్లిపోయిన కొత్తమ్మాయి. బెంచీ అంచు మీద కూలబడ్డాను.

"బయటికెళ్లి ఒక్కటే మాటంది. కథలో కూడా అబద్ధమేనా నాన్నా, అని. మూడు నెలలైంది, గుమ్మం తొక్కలేదు."

"నేను రాయలేదు, మార్చేశారని చెప్పొచ్చు కదా బాబాయ్!"

"ఏమని చెప్పను? నాకే నమ్మకం లేదు." ఆయన అరచేతులు చూసుకున్నాడు. "ఇన్నేళ్లలో పరుగెత్తి చేరుకున్నట్టు ఎన్నిసార్లు కలగన్నానో. రాసేటప్పుడు ఆ కలే రాసేశానేమో అనుకున్నా. కాగితం లేదు. మనిషి ముసలాడయ్యాడు. నన్ను నేనే అనుమానించుకుంటూ మూడు నెలలు గడిపాను. ఇవాళ నీ మొహం చూశాక గానీ నాకు నిద్ర పట్టే దారి దొరకలేదు."

నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు నాకు అలవాటే, తిరిగి తిట్టడమూ అలవాటే. ఆయన తిట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. అక్కడే, సైకిళ్ల మధ్య, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా ఏడ్చాను.

"మళ్లీ రాయి బాబాయ్" అన్నాను.

"నా వల్ల కాదు. అది ఒక్కసారికే చేతనైంది."

"నాకు గుర్తుంది. పొల్లుపోకుండా టైపు చేసిస్తాను."

ఆయన నావైపు చూశాడు. ఆ చూపులో ఉన్న అనుమానం నేను సంపాదించుకున్నదే. "ఉన్నదున్నట్టేనా?"

"ఉన్నదున్నట్టే."

"మరి దానికి నువ్వే ఇవ్వు. నేనిస్తే తీసుకోదు" అని కూతురి షాపు ఎక్కడో చెప్పాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే కూర్చున్నాను. ఒక పేజీకి నాలుగు గంటలు పట్టింది. ప్రతి వాక్యం దగ్గరా నా మీద నాకే నిఘా. ఇది ఆయనదా, నాదా? చక్కగా వచ్చిన ప్రతి మాటనీ అనుమానించాను. మా ఆయన రెండుసార్లు టీ తెచ్చి పెట్టాడు, అడగకుండానే.

ఆమెది ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు. సోమవారం ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాను. బల్ల మీద అద్దం పరిచి, స్కేలు ఆనించి కట్టరుతో గీత గీస్తోంది. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంది. గీత పూర్తయ్యాక అద్దాన్ని టక్కున విరిచి, అప్పుడు తలెత్తింది.

"ఆ రోజు ముందు వరసలో కూర్చుని నవ్వుతున్నది మీరే కదా" అంది.

అవును, నేనే. మా అమ్మ చచ్చినరోజు మీద ఎవరైనా అలా నవ్వితే నేను పీక పట్టుకునేదాన్ని. నాన్చకుండా అంతా చెప్పేశాను. పెట్టె, టైపు, చప్పట్లు, మార్చిన ముగింపు, చించేసిన కాగితం. ఆమె చేతులు గుడ్డకు తుడుచుకుని కాగితం అందుకుంది. చదివింది. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు.

"ఆయన రాసింది ఇదని మీరు చెప్తున్నారు. అప్పుడు చదివింది కూడా ఆయనదేనన్నారు. ఇందులో మీదెంత?"

ఏమీ లేదు అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆదివారం నాలుగు గంటలూ నన్ను తొలిచిన చోటు ఒకటుంది.

"ఒక్కచోట నాకు తెలియదు" అన్నాను. "చివర 'క్షమించు తల్లీ' అని ఉంది. అది ఆయన రాశారో, నేను చేర్చానో ఎంత తలుచుకున్నా తేలలేదు."

"మా నాన్న నన్ను ఎప్పుడూ తల్లీ అని పిలవలేదు. ఏమే అంటాడు." జుట్టులోంచి పెన్సిలు లాగి, స్కేలు ఆనించి ఆ రెండు మాటల్నీ కొట్టేసింది. అది పోయాక కాగితంలో క్షమాపణ అన్నదే లేకుండా పోయింది. నా వేళ్లు కదిలాయి. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఆమె మళ్లీ మొదట్నుంచి చదివింది. ఈసారి పెన్సిలు మొనతో ఒక్కో వరసా వెతుక్కుంటూ. పేజీ కింది భాగానికి వచ్చి ఆగిపోయింది. అక్కడ ఇలా ఉంది. బస్సు చెడిపోలేదు. నేను లేవలేదు.

"ఇది?" అంది.

"అది ఆయనదే."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?"

"నాకు అస్సలు నచ్చని మాట అది. అందుకే అప్పుడు తీసేశాను" అన్నాను.

ఆమె కాగితం మీంచి చూపు తీయలేదు. పెన్సిలు బల్ల మీద పెట్టి, నాన్న ఈ వేళప్పుడు ఇంట్లోనే ఉంటాడా అని నన్ను అడిగింది.